గుదికొయ్య మేసిన శనగ

ఆవు మేసిందో లేదో తెలుసుకోవడానికి దాని మెడకు ఒక డబ్బా కట్టాలన్న ఆలోచన ఎవడికి వచ్చిందో గాని, వాడు జన్మలో ఒక్కసారైనా ఆవు డొక్క వైపు చూసి ఉండడు. మేసిన ఆవు డొక్క నిండుతుంది. మేయని ఆవు డొక్క లోపలికి పోతుంది. దీనికి కళ్ళుంటే చాలు. కానీ ఈ కాలంలో కళ్ళతో చూసింది చూసినట్టు కాదు. ఫోనులో గీత పైకి లేస్తే ఆవు మేసినట్టు, గీత పడుకుంటే మేయనట్టు. ఆవు నోట్లోంచి గడ్డిపోచ వేలాడుతున్నా సరే, గీత లేవకపోతే ఆవే అబద్ధం చెబుతోందని అర్థం.

మాది నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే పెద్ద రోడ్డుకు తూర్పున, నల్లమల కొండలు నీలంగా కనబడే ఊరు. నేను చాలా ఏళ్ళు పంచాయతీ బందెలదొడ్డి చూసుకున్నాను. బందెలదొడ్డి అంటే ఇప్పటివాళ్ళకు తెలియదు. ఒకరి గొడ్డు ఇంకొకరి చేలో పడి మేస్తే, చేను గలవాడు దాన్ని పట్టుకొచ్చి ఆ దొడ్లో తోలేవాడు. గొడ్డు గలవాడు వచ్చి జరిమానా కట్టి విడిపించుకునే దాకా దానికి నీళ్ళు పెట్టడం, గడ్డి వేయడం, తలుపు కాయడం నా పని. దొంగ గొడ్లకు నేను జైలరునన్నమాట. అబద్ధాల్లో ఎన్ని రకాలుంటాయో నేను ఆ తలుపు దగ్గరే నేర్చుకున్నాను. “నా ఎనుము చేన్లో పడలేదప్పా, ఆయప్ప చేనే జరిగి జరిగి దావలోకి వచ్చింది” అని వాదించినవాళ్ళున్నారు. వాళ్ళలో కొందరు నిజమే చెప్పారు.

బడికి నేను పోలేదు. అక్షరాలు గోడల మీద ఎన్నికల రాతలు చూసి పట్టాను. ఆ తర్వాత ఆళ్లగడ్డ గ్రంథాలయంలో ఎవరూ ముట్టని బీరువా దుమ్మంతా నేనే దులిపాను. అందుకని చదువుకున్నవాళ్ళు నన్ను చదువు లేనివాడిగా చూస్తారు, చదువు లేనివాళ్ళు చదువుకున్నవాడిగా చూసి దూరంగా కూర్చుంటారు. ఇద్దరి దగ్గరా నాకు మర్యాద లేదు. వాళ్ళంటే నాకూ పెద్దగా లేదు.

డబ్బాలవాళ్ళు నంద్యాల నుంచి కారులో వచ్చారు. బడి వరండాలో బ్యానరు కట్టారు. బ్యానరు మీదున్న ఆవు మన దేశపుది కాదు. నలుపూ తెలుపూ మచ్చలు, మా ఊరి నీళ్ళ ట్యాంకంత పొదుగు. మా ఊరి ఆవులు దాని ముందు నిలబడితే ఆ బ్యానరుకే సిగ్గు. మాట్లాడటానికి ఒక ఇంజనీరమ్మాయి లేచింది. కోస్తా అమ్మాయి. మాటకు ముందొక ‘అండి’, వెనకొక ‘అండి’.

“ఇందులో ఉన్న సెన్సారు ఆవు తల ఎలా కదులుతోందో గమనిస్తుందండి. గడ్డి కొరికేటప్పుడు ఒకలా కదులుతుంది, నెమరేసేటప్పుడు ఇంకోలా, నడిచేటప్పుడు ఇంకోలా. ఆ తేడాను బట్టి ఏ ఆవు ఎంతసేపు మేసిందో ఫోనులో తెలిసిపోతుందండి. ఎక్కడ మేసిందో మ్యాపు మీద చుక్క కూడా పడుతుంది.”

“పేడ ఏస్తే?” అన్నాను.

జనం నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు. కాసేపు ఆలోచించి, “ఆ సదుపాయం ఇంకా లేదు తాతగారూ” అంది. నేను ఎగతాళికి అడిగితే నిజాయితీగా జవాబు చెప్పింది. అలాంటివాళ్ళను తిట్టడం కష్టం. అందుకని ఆమె వెంట వచ్చిన కుర్రాళ్ళను మనసులో తిట్టుకున్నాను. మీటింగు అయ్యాక అందరికీ బిర్యానీ పొట్లాలు పంచారు. తిన్న అట్టపెట్టెలు బడి గోడ పక్కన పారేశారు. అప్పుడే డబ్బా కట్టించుకున్న ఆవొకటి పోయి ఆ నూనె అట్టను నమలసాగింది. కుర్రాళ్ళలో ఒకడు ఫోను పైకెత్తి, “చూశారా, మేస్తోంది!” అని సంబరపడ్డాడు. గీత లేచిందట.

ఈ వ్యవహారాన్ని ఊళ్ళోకి తెచ్చింది మా పెద్ద రైతు. కాపురం నంద్యాలలో అపార్టుమెంటులో, సేద్యం మా ఊళ్ళో. జీపులో వస్తాడు, గట్టు మీద నిలబడతాడు, ఫోటో తీయించుకుంటాడు, జీపులో పోతాడు. ఆదర్శ రైతని ఎవరో శాలువా కప్పారు. పొలం నుంచి ఒక్క మట్టిబెడ్డ కూడా ఆయన చెప్పుకు అంటి నంద్యాల దాకా పోయి ఉండదు. ఆయన పప్పుశనగ చేలు ఊరి గొడ్లు కొండ దిక్కు పోయే బాటకు రెండు పక్కలా ఉన్నాయి. ఆ బాట ఒకప్పుడు రెండు ఎద్దుల బండ్లు ఎదురుపడి పోయేంత వెడల్పు. ఏటా సేద్యం చేసినప్పుడల్లా ఇటు ఒక సాలు, అటు ఒక సాలు కలుపుకుంటూ వచ్చి, ఇప్పుడు దాన్ని ఒక గొడ్డు వెనక ఒక గొడ్డు పోయేంత సన్నం చేశాడు. ఆ కాస్త కూడా లేకుండా పోతే బాగుండునని ఆయన ఆశ. డబ్బాలవాళ్ళు ఆయన ఫోనులో కూడా ఆ మ్యాపు పెట్టిపోయారు, ఊరికి పెద్ద గదా అని.

ఆయన తండ్రి వేరే మనిషి. ఆ తండ్రి ఎద్దును నేను ఎన్నోసార్లు దొడ్లో మూశాను. వచ్చి అరుగు మీద కూర్చుని బీడీ ముట్టించి, “దీని నోరు నా నోటికంటే పెద్దదప్పా” అని నవ్వి, కట్టాల్సింది కట్టి తోలుకుపోయేవాడు.

డబ్బా కట్టించుకున్న ఆవుల్లో చర్చి వెనక వీధిలో ఉండే ఒకామె ఆవు కూడా ఉంది. ఎర్రావు. ఆమె భర్త పోయాడు. రోజూ కూలికి పోతుంది. ఆవు పాలు రోడ్డు మీది టీ అంగడికి, పాస్టరు ఇంటికి పోస్తుంది. కూలికి పోయే మనిషి ఆవును మేపలేదు. అందుకని పొద్దున ఆవును ఊరి మందలో కలుపుతుంది, సాయంత్రం మంద తిరిగొచ్చాక కట్టేసుకుంటుంది. ఆ మందే లేకపోతే ఆమెకు ఆవు లేదు. ఆవు లేకపోతే ఆ ఇంట్లో పొయ్యి కూడా రోజు విడిచి రోజే.

ఆ ఎర్రావు దొంగది. ఈ విషయంలో నేను అబద్ధం చెప్పను. పచ్చన కనబడితే మెడ చాచుకుని ఉరుకుతుంది. అందుకే దానికి గుదికొయ్య కట్టేవారు. అంటే చేతి పొడవు మొద్దును తాడుతో మెడకు వేలాడదీయడం. మెల్లగా నడిస్తే ఏమీ కాదు. ఉరికిందంటే ఆ మొద్దు ముందుకాళ్ళకు టపటపా తగిలి ఆపేస్తుంది. గుదికొయ్య పడిన గొడ్డంటే ఊళ్ళో చిన్నతనం. దొంగగొడ్డు అని అందరికీ చాటినట్టు. గొడ్డుకు సిగ్గేముంది, దాని ఇంటివాళ్ళకు సిగ్గు. మా చిన్నప్పుడు కొందరు ఆ మొద్దు కనబడకుండా గోనెపట్ట కప్పి ఊరు దాటించేవాళ్ళు. ఆమె మాత్రం దాన్ని దాచలేదు. “సిగ్గుపడే దానికి నాకు తీరికుండాల గదా పెద్దాయనా” అంది ఒకసారి.

డబ్బా కట్టేటప్పుడు ఆవు కొట్టంలో ఉంది. మెడలో మొద్దు లేదు. డబ్బాలవాళ్ళు కట్టి, ఫోటో తీసుకుని పోయారు. మర్నాడు మంద తోలుకుపోవడానికి వచ్చిన గొడ్ల కాపరి, రోజూ చేసినట్టే, గుదికొయ్య తీసి ఆవు మెడకు కట్టాడు. సరిగ్గా డబ్బా కింద. వాళ్ళు అతన్ని ఏమీ అడగలేదు, అతను వాళ్ళకేమీ చెప్పలేదు. మన ఊళ్ళ పద్ధతే అంత. అడగనిదే చెప్పడం తక్కువతనమని కాపరి అనుకుంటాడు, అడిగితే తెలియనివాళ్ళమని తేలుతుందని చదువుకున్నవాళ్ళు అనుకుంటారు. ఆవు అడుగేసినప్పుడల్లా మొద్దు లేచి డబ్బాను కొట్టింది. ఆ టక్కు టక్కు చప్పుడు పొద్దున మా ఇంటి ముందు నుంచి పోతుంటే నేనూ విన్నాను. గొడ్డు మెడలో కొయ్య చప్పుడైతే ఎవడు పట్టించుకుంటాడు?

శనగ కాయ పట్టే వేళకు బాట పక్కన చేలో అక్కడక్కడ మొక్కలు కొరికేసి కనబడ్డాయి. పెద్ద రైతు టీ అంగడి ముందు జీపు ఆపాడు. నేను అక్కడే ఉన్నాను. కాపరి కూడా ఉన్నాడు. ఆయన ఫోను నా మొహం ముందు పెట్టాడు.

“పెద్దాయనా, మిషన్లంటే నమ్మవు గదా నువ్వు, చూడు. ఈ ఎర్రగా ఉండేదంతా మేతే. పొద్దున పోతా మేసింది, సాయంత్రం వస్తా మేసింది. యాడ? నా శనగలో. చుక్క నా చేన్లోనే పడింది, చూడు.”

“ఎవరు చూసినారప్పా?”

“ఫోను చూసింది.”

“అయితే ఫోన్నే పిలిపియ్. ప్రమాణం చేపిద్దాం.”

అంగడి దగ్గరున్నవాళ్ళు నవ్వారు. ఆయన కూడా నవ్వాడు, ఫోను తన చేతిలో ఉంది కాబట్టి.

“మేసింది అడివి పందులు” అన్నాను.

“అడివి పందికి మెడలో డబ్బా ల్యా గదా, నీకెట్ల దెల్సు?” అన్నాడు.

నిజానికి పందులో, మేకలో, ఆవో నాకు తెలియదు. నోటికొచ్చింది అన్నాను. ఆయన అది పసిగట్టాడు. ఆ తండ్రికి పుట్టినవాడు గదా, ఆ మాత్రం తెలివి ఉంది.

ఆయన కాపరి వైపు తిరిగాడు. “ఆ ఎర్రావును రేపట్నుంచి మందలో కలపొద్దు. కలిపితే దావకు అడ్డం ముండ్లకంచె ఏపిస్తా. మంద యాడికి పోతాదో నువ్వే చూస్కో.”

కాపరి తలూపాడు. ఊళ్ళో ఎక్కువ గొడ్లు ఆయనవే. సుగ్గికి, అంటే పంట ఇంటికొచ్చే వేళ, కాపరికి ఎక్కువ జొన్నలు కొలిచేదీ ఆయనే. ఆ సాయంత్రం కాపరి చర్చి వెనక వీధికి పోయి, వాకిట్లో నిలబడి, నేల చూసుకుంటూ ఆ మాట చెప్పాడట. ఆమె అన్నం తింటోంది. తినడం ఆపలేదట.

మర్నాడు నేను పని పెట్టుకుని మంద వెంట నడిచాను. ఎర్రావును ఆ ఒక్కరోజు మందలో రానివ్వమని కాపరిని బతిమాలాను. బాట మొదటి నుంచి చివరి దాకా దాని పక్కనే పోయాను. అది ఒక్కసారి కూడా తల దించలేదు. వచ్చి ఆ మాట టీ అంగడిలో చెప్పాను. “నీ కండ్లల్లో పొరలు, పెద్దాయనా” అన్నాడొకడు. “ఫోనులో ఈ పొద్దు గుడకా మేసినట్టే ఉండాదంట” అన్నాడు ఇంకొకడు. జీవితమంతా దొంగ గొడ్లను చూసిన మనిషి పక్కన నడిచి చూసి చెబితే దానికి విలువ లేదు. నంద్యాల అపార్టుమెంటులో కూర్చుని చూసిన గీతకు విలువ. అలా అన్నవాళ్ళలో ఎవరికీ ఆ ఫోను చూడటం రాదు. ఆయన చూపిస్తే తలాడించారు. తలాడించడానికి కూడా చదువు అక్కర్లేదు.

ఎర్రావు గలామె నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

“పెద్దాయనా, ఈడ అరిస్తే ఏమొస్తాది? డబ్బా కట్టినోళ్ళు యాడుంటారు?”

“నంద్యాలలో.”

“పోదాం పా.”

ఆ రోజు కూలి పోగొట్టుకుని బస్సెక్కింది. నంద్యాలలో ఒక మందుల అంగడి పైన గది వాళ్ళ ఆఫీసు. లోపల చల్లగా ఉంది, గొడ్లను గమనించడానికి అంత చల్లదనం ఎందుకో. ఇంజనీరమ్మాయి మమ్మల్ని గుర్తుపట్టింది. కుర్చీలు వేయించింది. ఆవు గురించి అనగానే ఆమె మొహం వెలిగింది.

“మీ ఎర్రావా అమ్మా? మా అన్ని ఊళ్ళలో అదే ఎక్కువ మేస్తోందండి. మా సార్ వాళ్ళకు కూడా చూపించాను.”

గోడ మీద ఆ ఆవు గీతను ప్రింటు తీసి అంటించారు. పైకి లేచింది, లేచినట్టే ఉంది. అన్నింటికంటే ఎక్కువ మేసే ఆవు అట. కింద ఏదో రాసి ఉంది, నేను చదవలేదు. నాకు ఆ గోడ మీద ఉమ్మేయాలనిపించింది.

ఆవు గలామె దాని వైపు చూసి, మెల్లగా అడిగింది. “అంత మేస్తే పాలెందుకు పెరగలేదమ్మా?”

ఆ అమ్మాయి కంప్యూటరు ముందుకు పోయి కూర్చుంది. గీతలు పెద్దవి చేసి చూసింది, చిన్నవి చేసి చూసింది. అలా చాలాసేపు చూసి, ఇటు తిరిగింది.

“ఆవు మెడలో ఇంకేమైనా కట్టారా అమ్మా? గంట లాంటిది?”

“గంట ల్యా. గుదికొయ్య ఉండాది.”

“అంటే ఏంటండి?”

ఆమె లేచి నిలబడి, రెండు చేతులూ మెడ కింద పెట్టి, మొద్దు ఎలా వేలాడుతుందో, నడిస్తే ఎలా ఊగుతుందో చేసి చూపింది. ఆ అమ్మాయి కళ్ళు మూసుకుంది. మొద్దు కొట్టిన ప్రతి దెబ్బనూ డబ్బా ఒక కొరుకుడుగా అనుకుందని చెప్పింది. మ్యాపు మీద చుక్క కూడా నాలుగు బారలు అటూ ఇటూ పడుతుందట. అంత సన్నటి బాటలో నాలుగు బారలంటే చేను నడిమధ్య.

“ఎవరూ చెప్పలేదు కదండి” అంది.

“మీరు అడిగినారా?” అన్నాను.

“లేదు తాతగారూ” అంది. మళ్ళీ అదే నిజాయితీ. నాకు కోపం తెప్పించడంలో కూడా ఆ పిల్ల నాకు సాయం చేయలేదు.

మర్నాడు ఇంజనీరమ్మాయే ఊరికి వచ్చింది. బాట మొదట్లో, పెద్ద రైతు చేను అంచున, అందర్నీ పిలిపించింది. జీపు కూడా వచ్చింది. మంద బయలుదేరే వేళ. కాపరి గొడ్లను ఆపి నిలబడ్డాడు. ఆవు గలామె ఎర్రావును తాడు పట్టుకుని నిలబెట్టింది, మెడలో డబ్బా, కింద మొద్దు. ఆ అమ్మాయి జరిగింది చెప్పింది. తప్పు మాదేనండి, ఆవుది కాదండి అంది. అలా నలుగురిలో తప్పు ఒప్పుకున్న చదువుకున్న మనిషిని నేను నా వయసులో ఎక్కువమందిని చూడలేదు.

పెద్ద రైతు ఆ అమ్మాయిని చివరి దాకా మాట్లాడనిచ్చాడు. ఆ తర్వాత అన్నాడు.

“ఏమ్మా, మొన్న మీటింగులో మిషన్ అంతా పట్టేస్తాదంటివి. ఇప్పుడు తప్పంటాండావ్. మిషన్ తప్పా, నీ మాట తప్పా? ఈ ముసలాయన నంద్యాలకొచ్చి నీకు నేర్పిచ్చినాడా?”

చూడండి ఆయన న్యాయం. మిషను నేరం మోపినంత కాలం మిషను దేవుడు. అదే మిషనును చేసినవాళ్ళు వచ్చి కాదంటే, వాళ్ళు అమ్ముడుపోయినవాళ్ళు. చుట్టూ ఉన్నవాళ్ళు తలాడించారు. మొన్న ఫోను మాటకు తలాడించినవాళ్ళే, ఈ రోజు ఫోను తప్పన్న మాటను నమ్మకపోవడానికీ తలాడించారు. నేను ఆ తలలను ఒక్కొక్కటిగా చూశాను. వాటిలో కొన్నిటికి నేనే ఒకప్పుడు దొడ్డి తలుపు తీసి, జరిమానా తగ్గించి పంపించాను.

“మీ నాయన ఎద్దుకు గుదికొయ్య నేనే గట్టినా” అన్నాను. “ఆయప్ప నగినాడు. నీకు నగేది రాదు, చూసేది రాదు.”

“పాత ముచ్చట్లు వద్దు పెద్దాయనా.”

అప్పుడు ఆవు గలామె మాట్లాడింది.

“సామీ, ఒగ పని చెయ్. నీ తెల్లావు మెడకు గుడకా డబ్బా ఉండాది గదా. ఈ గుదికొయ్య దానికి గట్టి, ఈ దావలోనే నడిపిద్దాం. నీ ఫోను ఏమంటాదో సూద్దాం.”

“నా ఆవుకు గుదికొయ్యా?” ఆయన గొంతు మారింది. “నా కొట్టంలో ఆవుకా? నాది దొంగగొడ్డా?”

“నడిచేంత సేపే సామీ.”

“నోరు మూసుకో మ్మే.”

ఆ మొద్దు ఆయన ఆవు మెడకు పడితే నంద్యాల దాకా నవ్వుతారని ఆయన భయం. ఆయన భయాన్ని అందరూ అర్థం చేసుకున్నారు. ఆమె ఆవు పోతుందన్న సంగతి మాత్రం ఎవరికీ అర్థం కాలేదు. ఇంతమంది మొగవాళ్ళం, మీసాలు, కండువాలు, ఒకరం కూడా పోయి ఆ తాడు విప్పి ఆ తెల్లావు మెడకు వేయలేదు. నేనూ వేయలేదు. నోటితో ఎంత అరిచినా, నా చేతులు వెనకే కట్టుకుని ఉన్నాయి.

ఆమె వంగి ఎర్రావు మెడలోని మొద్దు తాడు విప్పింది. డబ్బా పట్టా కూడా విప్పింది. రెండూ తన మెడలో వేసుకుంది.

“ఏందీ మ్మే ఇది!” అన్నాడు కాపరి.

ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె చీర కొంగు నడుముకు దోపుకుని, మొద్దును రొమ్ము మీదికి వదిలి, బాటలోకి దిగింది. ఎదురుచూడకుండా నడిచింది. రోజూ కూలికి పోయే నడక. మొద్దు లేచి డబ్బాను కొట్టడం, పడటం, మళ్ళీ లేచి కొట్టడం. ఆ టక్కు టక్కు అందరికీ వినబడింది. చేను చివర దాకా పోయింది. వెనక్కి తిరిగింది. మెడ పక్కకు తిప్పలేదు, ఒక్క ఆకు ముట్టలేదు. దారిలో ఒకచోట ఆగి తాడు సర్దుకుంది. అంతే.

ఇంజనీరమ్మాయి తన ఫోను చూడలేదు. పెద్ద రైతు దగ్గరికి పోయి, “మీ ఫోనులోనే చూడండి సార్” అంది.

ఆయన చూడక తప్పలేదు. పక్కనున్న కాపరి కూడా తొంగి చూశాడు. అతనికి చదువు రాదు. కానీ ఎరుపు ఏదో, పచ్చ ఏదో తెలుసు. అంతా ఎరుపే. చుక్క చేను నడుమ పడింది.

కాపరి తల గోక్కున్నాడు. “ఏమన్నా, ఆయమ్మ గుడకా నీ శనగ మేసిండాదా?”

అప్పుడు లేచింది నవ్వు. కిసుక్కుమన్నవాళ్ళు, తలాడించినవాళ్ళు, నా కళ్ళలో పొరలున్నాయన్నవాడు, అందరూ నవ్వారు. ఇంతసేపూ వాళ్ళే ఆమె పక్షాన ఉన్నట్టు నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. ఆమె నవ్వలేదు. మెడలోని తాడు తీసింది. తాడు ఒరిసిన చోట ఎర్రగా కందింది.

“నగేది సాలు” అంది కాపరితో. “రేపు నా ఆవును తోలుకపోతావా, లేదా? ఆ మాట జెప్పు.”

కాపరి పెద్ద రైతు వైపు చూశాడు. ఆయన ఫోను జేబులో పెట్టుకుని జీపు వైపు పోతున్నాడు. ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడమే తీర్పు అని కాపరికి తెలుసు.

“రేపేంది, ఇప్పుడే తోలుకపోతా” అన్నాడు.

ఆమె మొద్దును మళ్ళీ ఆవు మెడకు కట్టింది. ఇంజనీరమ్మాయి ముందుకొచ్చి, డబ్బాను ఈసారి పైకి, చెవుల వెనక కడతాననీ, మొద్దు తగలదనీ చెప్పింది.

“వద్దు తల్లీ. ఆయప్ప ఆవుకు రెండు గట్టు. నాదాని మేత నాకు దెల్సు” అంది ఆమె. డబ్బా తిరిగి ఇచ్చేసి, ఆవు వీపు మీద ఒక్కటి చరిచింది. మంద కదిలింది.

శనగ ఎవరు మేశారన్నది ఇప్పటికీ తేలలేదు. నేను పందులే అంటాను, అంతకంటే నాకూ ఆధారం లేదు. నంద్యాల గోడ మీద ఆ ప్రింటు తీసేశారో లేదో కూడా తెలియదు. పెద్ద రైతు ముళ్ళకంచె వేయలేదు. ఈ ఏడు కూడా బాటలోంచి ఒక సాలు కలుపుకోవడం మాత్రం మరచిపోలేదు.

కొన్నాళ్ళకు శనగ పీకుడు మొదలైంది. ఊళ్ళో కూలి ఇచ్చేది ముందు ఆయనే. ఆమె కూడా పోయింది. పోక ఏం చేస్తుంది? బాట పక్క సాళ్ళు ఆమె వంతుకు వచ్చాయి. నేను ఆ దారిన పోతూ చూశాను. ఎండిన మొక్కల నడుమ ఇంకా పచ్చిగా ఉన్న కాయలు కొన్ని దొరుకుతాయి. ఆమె పీకుతూ పీకుతూ ఆ కాయలు ఒలిచి నోట్లో వేసుకుంటోంది, తీరిగ్గా, నములుతూ. గట్టు మీద నిలబడిన పెద్ద రైతు చూశాడు. ఆమె కూడా ఆయన్ను చూసింది. ఇంకో కాయ ఒలుచుకుంది.